పిన్ని పెనం సాపు చేశా

నవ్వనంటేనే చెప్తా. మొన్న సోమవారం పొద్దున ఆటోనగర్లో జనం ఉలితో చెక్కిన అట్టు తిన్నారు. ఆ చెక్కింది నేనే.

మా కొలిమి షాపు దగ్గర ఎస్టీడీ బూత్ పక్కన అట్ల బండి ఉంది చూశారూ, సామ్రాజ్యం పిన్నిది. చల్లపల్లి నుంచొచ్చి కొలిమి పనిలో చేరిన కాడ్నించీ నా టిఫిన్ అక్కడే. నాకు నోరు పెగలదని ఆవిడకి తెలుసు. అడక్కుండానే ఇంకో అట్టు వేసేసిద్ది. "తిను మస్తానూ, సుత్తి కొట్టే చెయ్యి" అంటది. ఆవిడకి ఏదన్నా చేసిపెడదామని ఎప్పట్నించో మనసులో ఉంది.

ఆవిడ అట్ల పెనం నడుమ గుంట పడింది. పిండి పోస్తే అంతా గుంటలోకే జారిద్ది. నడుమ ఉడకదు, అంచు మాడిద్ది. శనివారం ధైర్యం చేసి, "పిన్నీ, నాకియ్యి, సాపు చేసి తెస్తా" అన్నా. నా నోటెంట అంత పెద్ద మాట ఎప్పుడూ రాలా.

"జాగర్త నాయనా, మా అత్త కాలం నాటిది. సోమారం పొద్దున్నే బేరం."

"లారీ కమాను పట్టీలే వంచుతున్నాం పిన్నీ, ఇదెంత?"

ఆదివారం షాపులో ఎవరూ లేరు. కొలిమిలో పెనం పెట్టి బ్లోయర్ ఆన్ చేశా. ముందు పొగ లేచింది. కొలిమంతా అట్ల వాసన. మురికి కాలిపోతందిలే అని సంబరపడ్డా. కాసేపటికి పెనం పండుమిరపకాయ రంగుకొచ్చింది. ఆ రంగులో ఇనుము చెప్పినమాట వినుద్ది. దాగలి దిమ్మ మీద పెట్టి సుత్తితో నెమ్మదిగా కొట్టా, గుంట పోయింది. నీళ్ళల్లో ముంచితే వంకర తిరుగుద్దని మా షాపు మేస్త్రీ అంటాడుగా, అందుకని బూడిదలో పెట్టి నిదానంగా చల్లార్చా. అంతటితో ఆగొచ్చు కదా. గ్రైండర్ పట్టా. మొహం చూసుకుని తల దువ్వుకునేలా తయారైంది.

సోమవారం పిన్ని పెనాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది నాదేనా? నలుపేదిరా?"

"తీసేశా పిన్నీ. ఎంత మురికో."

పిన్ని పెనం పొయ్యి మీద పెట్టింది. నూనె రాసి అట్టు పోసింది. అతుకు పెట్టినట్టు కరుచుకుంది. అట్లకాడ వంగింది గానీ అట్టు లేవలా.

"అది మురికి కాదురా పిచ్చి సన్నాసీ, ఏళ్ళ తరబడి నూనె తాగిన నలుపు. అదుంటేనే అట్టు లేచేది. ఇంత పిండి రుబ్బుకొచ్చా, కాలవలో పొయ్యనా?"

వెనకాల జనం. ఒకరిద్దరు అప్పుడే ఎదుటి ఇడ్లీ బండికేసి చూస్తన్నారు. నాకు భూమిలోకి పోదామనిపించింది. పరిగెత్తుకెళ్ళి షాపులోంచి వెడల్పు ఉలి తెచ్చా, కడిగా, గీకటం మొదలెట్టా. అట్టు ముక్కలు ముక్కలుగా లేస్తంది. అందరూ నన్నే చూస్తన్నారు, నేను పెనం వంకే చూస్తన్నా.

అంతలో ఒక లారీ డ్రైవరు, "ఆ ముక్కలే పెట్టమ్మా, ఆకలితో బండి ఎక్కలేను" అన్నాడు. పిన్ని విసుగ్గా ముక్కల మీద ఉల్లిపాయలు, కారప్పొడి జల్లి, నాలుగు తిప్పులు తిప్పి ప్లేట్లో పడేసింది. ఆయన తిన్నాడు. ప్లేటు మళ్ళీ చాపాడు. పక్కనున్నాయన, "ఆయన తినేదేదో నాక్కూడా" అన్నాడు. ఇంక చూస్కోండి. పిన్ని పొయ్యటం, నేను చెక్కటం. మా మేస్త్రీ కూడా వచ్చి తిన్నాడు. "ఒరే, కమాను మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టరా" అన్నాడు. ఎండెక్కేసరికి పిండి గిన్నె ఖాళీ. పిన్ని నావంక చూసి అప్పుడు నవ్వింది.

తర్వాత రోజూ సాయంత్రం పిన్ని పక్కన కూచుని, ఉల్లిపాయ ముక్కతో పెనానికి నూనె రుద్దుతా పొగలొచ్చేదాకా కాల్చా. మళ్ళీ నలుపు పట్టింది, అట్లు చక్కగా లేస్తన్నాయి. జనమేమో మొహాలు ముడుచుకుని, "మొన్నటి చెక్కిన అట్టు లేదా?" అంటన్నారు. "అది మా మస్తాన్ చేతి వంటండీ, పెనం పాడుచేస్తేగానీ రాదు" అని పిన్ని నన్ను చూపిస్తంది.

ఇన్నేళ్ళు కమాన్లు కొట్టా. ఇది చేసింది ఎవరని ఒక్కడూ అడగలా. చెడగొట్టిన పెనానికి మాత్రం నన్ను వెతుక్కుంటా కొలిమి దాకా వస్తన్నారండీ.