గద్వాల దాటాక ఒక గుక్క తీర్థం

అమ్మ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో లేవగానే చాయ్ దొరికేది కాదు. మెడలోని ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, నీళ్లు పోసి, విభూతి పెట్టి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కన్నడ శివభక్తుల వచనాలు మెల్లగా చదువుకునేది. ఆ తీర్థం ఒక గుక్క నా చేతిలో పోశాకే పొయ్యి వెలిగేది. పోయిన వానాకాలం అమ్మ చనిపోయింది. మా లింగాయతుల ఆచారం ప్రకారం ఆమె లింగాన్ని ఆమె చేతిలోనే ఉంచి సమాధి చేశారు. ఇప్పుడు నేను ఎప్పుడు చాయ్ తాగినా అడ్డు చెప్పేవాళ్లు లేరు. అదే నాకు సహించడం లేదు. ఆ పూజ మళ్లీ ఒక్కసారి కళ్లారా చూడాలనిపించి, అమ్మ అక్క ఉండే ఊరికి బయలుదేరాను.

తెల్లవారుజామున వనపర్తిలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాలకు గంటన్నర పట్టింది. వంతెన మీద పక్కసీటావిడ కృష్ణమ్మకు రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టింది. నేను పర్సు వెతుక్కునేలోపు నది వెనకబడింది. గద్వాలలో కర్ణాటక సరిహద్దు వైపు వెళ్లే షేర్ ఆటో దొరికింది, మనిషికి యాభై. దారిలో డ్రైవరు చాయ్ బండి దగ్గర ఆపాడు.

"దిగు అక్కా, జర చాయ్ తాగి పోదాం."

"వద్దు తమ్ముడూ, పూజ కాలే."

"ఒక్కపొద్దా?"

"కాదు. మా అమ్మ తాగనియ్యదు."

ఇంట్లో ఉన్న మనిషి గురించి చెప్పినట్టే చెప్పేశాను. అతను నవ్వి, తన గ్లాసు గబగబా ఖాళీ చేసి బండి తీశాడు.

పెద్దమ్మ వాకిట్లోనే కనపడింది. "బారవ్వ, బా" అని కన్నడం కలిపి పిలిచి, నన్ను పక్కన కూచోబెట్టుకుని పూజ మొదలుపెట్టింది. అరచేతిలో లింగం మీద నీళ్లు పడుతుంటే ఏడుపు ఆగలేదు. అడగకూడనిది అడిగేశాను.

"పెద్దమ్మా, నీ తర్వాత ఇది నాకిస్తవా?"

"పిచ్చిదానా, ఎవరిది వాళ్లతోనే పోతది. గట్ల ఇచ్చేది కాదు. నీదేమాయె?"

నాది! చిన్నప్పుడు నాకూ కట్టిన లింగాన్ని హాస్టల్‌కు వెళ్తూ మెడలోంచి తీసి అమ్మకిచ్చాను. మళ్లీ దాని ఊసే ఎత్తలేదు. "అమ్మతోనే పోయిందేమో" అన్నాను.

"ఎందుకు పోతది? దవాఖానకు పోయేముందు మీ అమ్మ నాకిచ్చింది. ఇన్నేండ్లు నువ్వు లేవకముందే దానికీ నీళ్లు పోస్తుండె. 'బిడ్డ అడిగితే ఇయ్యి అక్కా, అడగకుంటే నువ్వే చెయ్యి' అన్నది."

పెద్దమ్మ చిన్న గుడ్డమూట విప్పి, నా ఎడమచేయి పట్టుకుని అందులో పెట్టింది. అమ్మ వేళ్లు రోజూ తడిమిన నల్లటి లింగం. నేను నీళ్లు పోశాను. మొదటి గుక్క పెద్దమ్మకిచ్చి, రెండోది నేను తాగాను.

ఆ వచనాల అర్థం నాకు సగమే తెలుసు. దేవుడున్నాడా అని ఎవరైనా గట్టిగా అడిగితే తడుముకుంటాను. కానీ నేను మరిచిపోయిన పూజ అమ్మ నా బదులు రోజూ చేసిందని తెలిశాక, దాన్ని మానేయడం నా వల్ల కాదు. అమ్మ మీద బెంగ మాత్రం తీరలేదు, ఇంకా పెరిగింది. మీరూ ఇలాంటి ఇంటికి వెళ్లాలనుకుంటే ఎండ ముదరకముందే చేరుకోండి, సాయంత్రమైతే తిరుగు ఆటోలు తగ్గిపోతాయి. దారిలో ఎవరెంత బతిమాలినా, చాయ్ మాత్రం తాగకండి.