బాపట్ల అక్కయ్యగారి శాలువా

బడి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఏడాది నేను లేసు అల్లడం మొదలుపెట్టాను. కట్టు విప్పిన డాక్టరు, వేళ్ళకు పని చెప్పకపోతే బిగుసుకుపోతాయన్నాడు. తెనాలిలో పదిహేనేళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు సుద్దముక్క పట్టుకోవడం తప్ప వేళ్ళతో వేరే పని తెలియదు. మా అత్తగారు తన పెట్టె అడుగు నుంచి ఒక కొక్కెం సూది, తెల్లదారం ఉండ తీసి ఇచ్చారు. గొలుసు కుట్టు వరకూ నేర్పి, "ఆ తర్వాతది మర్చిపోయానే" అన్నారు.

తర్వాతది కంప్యూటర్లో దొరికింది. మా ఆయన పేకాట ఆడుకోడానికి కొన్న కంప్యూటరుకు అప్పుడే ఇంటర్నెట్ పెట్టించారు. అందులో లేసు అల్లే తెలుగువాళ్ళ గుంపు ఒకటుందని తోటి టీచరు చెబితే చేరాను. పాతికమంది దాకా ఉండేవాళ్ళం. రాసేది తెలుగే గానీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక వారమంతా సగంమంది మల్లి పువ్వు, మిగతా సగం మళ్ళీ అంతకుముందు పువ్వే అల్లారు. రెండు సగాలూ చదివింది 'malli puvvu' అన్న ఒకే మాట.

ఆ గుంపును నడిపేది బాపట్ల అక్కయ్యగారు. పేరు రాసేవారు కాదు, చివర 'బాపట్ల' అని మాత్రం ఉండేది. మొదట ఎవరు అక్కయ్యగారూ అన్నారో తెలియదు, అందరం అదే అన్నాం. ఏ సందేహం అడిగినా సాయంత్రంలోపు జవాబొచ్చేది. అందులో ఒక్క అక్షరం తప్పు ఉండేది కాదు, ఒక్క తీపి మాటా ఉండేది కాదు. "మూడో వరసలో ఒక కుట్టు ఎక్కువ వేశారు. విప్పండి." అంతే.

రేపల్లె నుంచి ఒక అమ్మాయి రాసేది. పాతికేళ్ళు కూడా లేవు. పుట్టిల్లు చెరుకుపల్లి దగ్గర, వరి రైతులు. అత్తగారి వాళ్ళది రేపల్లెలో ఎరువుల కొట్టు. వారానికోసారి నెట్ సెంటరుకు వెళ్ళి, చదవాల్సినవి చదివి, రాయాల్సినవి రాసి వచ్చేది. గుంపుకు రాసేవి కాక అక్కయ్యగారికి విడిగా కూడా రాసేదని నాకు తర్వాత తెలిసింది.

ఒక కార్తీకమాసంలో అక్కయ్యగారు మా ఇద్దరికీ రాశారు. "మా ఇంట్లో వాళ్ళకి ఒంట్లో బాగుండదు. చలి అంటున్నారు. ఊలు శాలువా అల్లాలి. నా ఒక్క చేత్తో అయ్యేది కాదు. దగ్గర్లో ఉన్నది మీరిద్దరే. తలా ఒక ముక్క అల్లి కలుపుదామా?"

ఇంట్లో వాళ్ళంటే భర్తగారనుకున్నాం. సరేనన్నాం. మా ఆయన విని, "బాపట్లలో శాలువా ఏంటి? సన్మానమా?" అన్నారు.

ఊలు ఏ రంగో, సూది ఎన్నో నంబరుదో, వరసకు ఎన్ని కుట్లో అన్నీ వివరంగా రాసి పంపారు. నెలలో ముగించాం. ఒక రెండో శనివారం ఆ అమ్మాయి రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చింది. ఒకరినొకరం ఎప్పుడూ చూడలేదు గానీ ఆమె సంచిలోంచి ఊలు పైకి కనిపిస్తోంది. నా సంచిలోంచీ అంతే. ఇద్దరం కలిసి బాపట్ల రైలెక్కాం.

తలుపు తీసింది అరవై దాటిన పెద్దాయన. మమ్మల్ని చూసి లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చారు.

"అక్కయ్యగారున్నారా అండి?" అన్నాను.

"నేనేనండి."

"ఏంటండి?"

"అక్కయ్యగారు. నేనేనమ్మా. మొదటి రోజే చెప్పాల్సింది. రెండో రోజుకి ఆలస్యమైపోయింది."

వచ్చాను, తిన్నాను, అల్లాను అని రాసేది ఆడో మగో మన భాషలో తెలియదు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి నేను ఆ గడప మీద నిలబడి గమనించాను. పక్కనున్న అమ్మాయి మొహం మాత్రం పాలిపోయింది.

"మరి... ఆ మెంతుల సంగతి?" అంది నెమ్మదిగా.

ప్రతి నెలా వచ్చే కడుపునొప్పి గురించి, ఇంకా కొన్నిటి గురించి ఆమె అక్కయ్యగారికి విడిగా రాసిందట. మెంతులు నానబెట్టి తాగమని జవాబొచ్చిందట.

"అది మా ఆవిడ చెప్పిందమ్మా. నేను టైపు కొట్టానంతే. చదవలేదు."

"చదవకుండా ఎలా కొడతారండి?"

"ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేశాను. ఒక్క కాయితం చదివి ఎరగను."

ఆయన మొహం చూస్తే నమ్మక తప్పలేదు.

ఆవిడ లోపలి గదిలో మంచం మీద ఉన్నారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట కాస్త ముద్దగా వస్తుంది. ఆ వీధిలో ఆడపిల్లలకి లేసు నేర్పిన చెయ్యి అది. పడిపోయాక ఆవిడ ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడలేదట. ఎవరైనా ఏదైనా అడిగితేనైనా నోరు విప్పుతుందని ఆయన కంప్యూటరు కొని గుంపు పెట్టారు. అల్లిక ప్రశ్నలు చదివి వినిపిస్తారు, విడిగా వచ్చిన ఉత్తరాలైతే ఆవిడే చదువుకుంటారు. ఆవిడ చెబుతారు, ఆయన టైపు కొడతారు. చెప్పింది సరైందో కాదో తెలియాలని ఆవిడ ఆయనకు అల్లిక నేర్పారు. ఆయన అల్లి చూపించి, బాగా వస్తేనే జవాబు పంపాలి.

మూడు ముక్కలూ ఆవిడ మీద పరిచాం. ఒకే సూది, ఒకే ఊలు, అన్నే కుట్లు. నాది బిగువు, బెత్తెడు పొట్టి. అమ్మాయిది వదులు, మంచం దాటి కిందికి వేలాడింది. ఆయనది ఆ రెంటికీ మధ్య ఉంది గానీ బల్లలా నిలబడింది.

ఆవిడ ఎడమ చేత్తో మూడూ తడిమి చూశారు. అమ్మాయి కంగారుగా, "విప్పి మళ్ళీ అల్లమంటారా పిన్నిగారూ?" అంది.

"ఇప్పటికే చలేస్తోంది" అన్నారావిడ. "కలపండి."

నా ముక్కకు నాలుగు వరసలు చేర్చమన్నారు. అమ్మాయి ముక్క అంచు మడిచి కుట్టమన్నారు. ఆయన ముక్కను చూసి, "దీన్ని ఉతికితే మనిషవుతుంది" అన్నారు. సాయంత్రం దాకా ముగ్గురం మంచం చుట్టూ కూర్చుని కలిపాం. నేను కుట్లు పైకి లెక్కపెడుతుంటే ఆవిడ, "ఇది బడి కాదు" అన్నారు. ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది. ఆయన ఉప్మా చేశారు. అందులో ఉప్పు లేదు. ఆవిడకు చెప్పొద్దని సైగ చేశారు.

శాలువా ఒక మూల పైకి లేచి వచ్చింది. ఆవిడ ఆ మూలను పాదాల వైపు తిప్పించుకుని కప్పుకున్నారు.

సంగతి గుంపుకు చెప్పాలని ఆయనే పట్టుబట్టారు. చెప్పారు. ఒకావిడ గుంపు మానుకున్నారు. మరొకావిడ ఇదంతా చదివి, జాకెట్టు చేతులకు లేసు ఎలా కుట్టాలని అడిగారు. మిగతావాళ్ళు ఆయన్ని అక్కయ్యగారనే పిలిచారు. నేను వీలైన రెండో శనివారమల్లా బాపట్ల వెళ్ళాను.

రెండు చలికాలాలు ఆవిడ ఆ శాలువా కప్పుకున్నారు. మూడో చలికాలం రాకముందే పోయారు.

నెల తర్వాత ఆయన గుంపుకు రాశారు. "ఇకనుంచి నాకు తెలిసినంత వరకే చెబుతాను." ఆ మాట కింద, బల్ల మీద పరుచుకునే గుండ్రటి లేసు ఒకటి ఎలా అల్లాలో వరసల వారీగా ఉంది. ఎప్పటిలాగే ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ అయిదో వరసకు కుట్లు తక్కువ రాశారు. నేను చదవగానే పట్టుకున్నాను. లెక్కల టీచర్ని కదా. జవాబు రాద్దామని కూర్చుని, రాయకుండా లేచి సూది అందుకున్నాను.

పరుచుకోవాల్సిన లేసు అంచులు పైకి లేచి గిన్నెలా తయారైంది. ఆ వారంలో గుంపులో ఫొటోలు వచ్చాయి. అన్నీ గిన్నెలే. రేపల్లె అమ్మాయి తన దాంట్లో బొత్తాలు వేసి ఫొటో తీసింది. హైదరాబాదు నుంచి ఒకావిడ చిల్లర వేసుకుంటున్నానని రాశారు. అక్కయ్యగారు అందరికీ విడివిడిగా, "బాగా వచ్చింది" అని జవాబిచ్చారు.