గాలికి తోవ చూపిన చాచా

“అక్కా, బాబా ఇగ లేడు.” మూడు నెలల కింద ఫోన్‌లో చాచా కూతురు చెప్పింది ఇంతే. శంషాబాద్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే చాచా కన్నుమూశారు. చాలామందికి ఆయన దుకాణం చాచా. నాకు మాత్రం పని నిలబెట్టిన మనిషి. నాలుగు మాటలు చెప్పుకోకపోతే మనసు ఊరుకునేలా లేదు.

కట్టబోయే ఇంటిని కంప్యూటర్‌లో ముందే కట్టి, అందులో తిరుగుతున్నట్టు వీడియో చేసి చూపించడం నా పని. ఉద్యోగం పోయాక మామిడిపల్లిలో మా ఇంటి ముందుగదిలోనే మొదలుపెట్టాను. ఒక ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు చాలదని, జోడుగా అలాంటిదే ఇంకొకటి తెచ్చాను. రెండూ కలిస్తే పని ఇట్టే అయిపోతుందని నా ఊహ. తీరా ఆన్ చేస్తే పావుగంటకే మిషన్ ఆగిపోయేది. మొదటిసారి పని ఇచ్చినాయన వారంలో వీడియో కావాలన్నాడు. ఇవ్వలేకపోతే ఈ పనికి నీళ్ళొదులుకోవడమే.

చాచా వచ్చారు. డబ్బా మూత తీసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, చెవి దగ్గరగా పెట్టారు. ముందు వినడం, తర్వాతే చూడడం ఆయన అలవాటు. కార్డులు రెండింటినీ కలపడానికి నేను తెప్పించిన బ్రిడ్జి ముక్కను చూసి నవ్వారు.

“ఇదేంది బేటా, ఈటికి పెండ్లి చేస్తున్నవా?”

“కలిస్తేనే గద చాచా బలం?”

“నీ పనికి అక్కెరలేదు. ఇద్దరు మేస్త్రీలు ఒక్క ఇటుకనే పట్టుకుంటరా? ఎవని గోడ వాడు కడ్తడు.”

తర్వాత సంచిలోంచి ఊదుబత్తి తీసి వెలిగించారు. మిషన్‌కు పూజ చేస్తారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, చాచాకు పూజేమిటని నాలుక కరుచుకున్నాను. ఆయన దాన్ని కార్డుల నడుమ పట్టుకున్నారు. పొగ బయటికి పోక అక్కడే సుడి తిరిగింది. కింది కార్డు వదిలిన వేడినే పై కార్డు పీలుస్తోంది.

“పొగ అబద్ధం చెప్పదు. పైదానికి ఊపిరాడ్తలేదు. ఎంత జోడైనా నడుమ జర గాలికి తోవ ఇయ్యాలె.”

కింది కార్డును ఇంకా కిందున్న స్లాటులోకి మార్చారు. తప్పుదిక్కుకు పెట్టిన ఫ్యానును తిప్పి బిగించారు. ఈసారి పొగ తిన్నగా వెనక్కి పోయింది. వీడియో నాలుగో రోజుకే చేతికొచ్చింది. అది చూసి ఇంకొకరు వచ్చారు. ఇవాళ నా ఇల్లు గడుస్తున్నది ఆ పనితోనే.

వెళ్తూ వెళ్తూ ఆయన ఒక్కటే అడిగారు. “నా ఇల్లు గూడ చేసి చూపియ్యి బేటా. జాగ ఉన్నది, ఇల్లే లేదు.” జీవితమంతా కిరాయి ఇళ్ళలో గడిపిన మనిషి. రేపు చేస్తానన్నాను. ఆ రేపు రావడానికి ఏడాది పట్టింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

గుండె ఆపరేషన్ కోసం ఆయన దవాఖానలో చేరారని తెలిశాక పనులన్నీ పక్కన పడేశాను. లోపలికి తీసుకుపోయేలోగా ఆయన తన ఇల్లు చూడాలి, అంతే. ఒక కార్డు ముందు గదుల మీద, రెండోది వెనక గదుల మీద కూర్చున్నాయి. ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున ఫోన్ తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. గేటు నుంచి డాబా దాకా రెండుసార్లు చూశారు. ఏమంటారా అని చాచీ, నేను ఆయన మొహంలోకే చూస్తున్నాం.

“వంటింట్ల కిటికీ ఏది? మీ చాచీ ఇన్ని దినాలు పొగలనే వండింది. నా ఇంట్ల గూడ గంతేనా?”

“ఈయనకు అన్నిట్ల తప్పే కనిపిస్తది,” అంది చాచీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి కిటికీ పెట్టాను. ఆయన అది చూడలేదు. ఆ బాధ నాకు పోదు.

కానీ కూతురు ఊరుకోలేదు. దుకాణం షట్టర్ తానే ఎత్తుతోంది, ఇల్లూ మొదలుపెట్టింది. మొన్న గోడలు లేస్తుంటే నన్నూ రమ్మంది. భర్త పోయాక వాళ్ళలో పాటించే నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా చాచీ గడప దాటకూడదు కాబట్టి, ఆమెకు వీడియో కాల్‌లో చూపించాం. నా బొమ్మ ప్రకారం మేస్త్రీ వంటింటి గోడలో కిటికీకి సందు వదిలాడు. చాచీ ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“ఇంక జర పెద్దగ పెట్టుమను,” అంది.

మేస్త్రీ అప్పుడే పెట్టిన పచ్చి వరుసలోంచి రెండు ఇటుకలు తీసేశాడు.