ఎలా అంటిందో అడగకూడదు

పన్నెండేళ్ళు ఆవిడ పక్క బల్ల దగ్గర నిలబడి ఇస్త్రీ చేశాను. ఆ పన్నెండేళ్ళలో ఆవిడను చూసి కుళ్ళుకోని రోజు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ ఆవిడ గురించి చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. లేకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మాది డ్రైక్లీనింగ్ షాపు. ముందు కౌంటరు, వెనక పొడుగాటి గది. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని పక్కన ఆవిడ బల్ల. మరక సరిగ్గా కనబడాలంటే పగటి వెలుతురు కావాలట. ఆవిడకు కుర్చీ కూడా ఉంది, వీపు ఆనించుకునే కుర్చీ. నేను మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో నిలబడాలి. ఇస్త్రీకి వెలుతురెందుకు, కుర్చీ ఎందుకు అని మా ఓనరుగారి ఉద్దేశం.

ఆవిడ పని మరకలు తీయడం. అందుకే షాపులో అందరికీ ఆవిడ మరకలమ్మ. నాకంటే ఆరేళ్ళు పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. పెళ్ళైన నాలుగేళ్ళకే భర్త పోతే, చంటిపిల్లను తల్లి ఒళ్ళో వదిలి, ఒక పెద్దాసుపత్రిలో బట్టలు ఉతికే చోట కుదిరిందట. ఎనిమిదేళ్ళు అక్కడే చేసింది. ఆసుపత్రి దుప్పటి మీద చూడని మరక లోకంలో ఇంకెక్కడా ఉండదు. అక్కడొక ముసలావిడ పని నేర్పుతూ ఒకటే మాట చెప్పిందట: ఏం మరకో అడుగు, ఎలా అంటిందో అడక్కు.

ఆ మాట ఆవిడ మా షాపులోనూ తప్పలేదు. ఎవరైనా చొక్కా తెచ్చి, "అసలేం జరిగిందంటేనండీ..." అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేది. "సిరానా, నూనెనా? అది చెప్పండి చాలు" అనేది. నేనైతేనా, కథంతా చెప్పించుకుని, చాలనిచోట నాలుగు ముక్కలు నేను కలిపి, మధ్యాహ్నానికల్లా షాపంతా పంచిపెట్టేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు ఊరికే అనలేదు.

జనానికి మాత్రం ఆవిడే కావాలి. "మరకలమ్మగారు ఉన్నారా?" అని కౌంటరు దగ్గర అడిగేవారే గాని, ఈ చొక్కా మడత ఎవరు పెట్టారని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. మరక పోతే అందరూ చూస్తారు. ముడత పోతే ఎవరు చూస్తారు? మా ఆయన షాపు వ్యాను నడుపుతాడు. ఇళ్ళకు బట్టలు చేరవేసి వచ్చి, "ఆవిడ చెయ్యి పడితే పాత కోటు కూడా పెళ్ళికొడుకులా తయారవుతుందే" అనేవాడు, నేనే ఇస్త్రీ చేసిన కోటును చూపిస్తూ. కడుపు మండదా మరి?

ఇక ఉంగరం సంగతి. మా షాపులో ఒక పద్ధతి ఉంది. బట్ట మొదట ఎవరి చేతికొస్తే వాళ్ళు జేబులు తడమాలి. ఏదైనా దొరికితే చిన్న కవరులో పెట్టి, బట్ట శుభ్రమయ్యాక పిన్నీసుతో దాని కాలరు లోపల గుచ్చాలి. ఇస్త్రీ చేసేటప్పుడు ఆవిరికి కాగితం తడుస్తుంది కాబట్టి నేను ఆ కవరు తీసి నా భుజానికి గుచ్చుకుంటాను. ఇస్త్రీ అయ్యాక మళ్ళీ దాని చోట దాన్ని గుచ్చి, ప్లాస్టిక్ తొడుగు వేసి వెనక రాడ్డుకు తగిలిస్తాను. ఒకసారి తొడుగు వేసిన బట్టను మళ్ళీ విప్పం. కవరు మీద కూడా బట్ట నంబరు రాస్తే మంచిదని అంతకు రెండేళ్ళ ముందే ఆవిడ అంది. ఆవిడ అన్నదనే నేను అడ్డం పడ్డాను. "ఇన్నేళ్ళుగా లేని ఇబ్బంది ఇప్పుడెందుకు వస్తుందండీ? బల్ల మీద ఒక్క బట్టే ఉంటుంది కదా" అన్నాను. ఓనరుగారు సరేనన్నారు. ఆ రోజు నాకు రాత్రి భోజనం బాగా సహించింది.

పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ నల్లకోటు ఇచ్చింది. చేతి తొడుగులు వేసుకునేటప్పుడు ఉంగరం తీసి కోటు జేబులో వేసుకోవడం ఆవిడకు అలవాటట. కోటు తీసుకెళ్ళిన సాయంత్రమే పరిగెత్తుకుంటూ వచ్చింది. "అది మా అమ్మదండీ. ఆవిడ లేదిప్పుడు. అదొక్కటే ఉంది" అని కౌంటరు మీద చేతులు పెట్టి ఏడ్చేసింది.

ఓనరుగారు మరకలమ్మను పిలిచారు. "ఉంది సార్. జేబులో దొరికింది. కవరులో పెట్టి కాలరుకు గుచ్చాను" అందావిడ. డాక్టరమ్మకిచ్చిన కోటుకు కవరు లేదు. బల్లలు వెతికారు, సంచులు వెతికారు, కుళాయి గొట్టం కూడా విప్పించారు. దొరకలేదు. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

మమ్మల్నందర్నీ లోపలి గదిలో నిలబెట్టాడు. మరకలమ్మ ముందు రోజు చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. "తర్వాత ఎవరి చేతికి వెళ్ళింది? ఏమైనా చూశారా? ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అని అడిగి, చట్టం ప్రకారం చెప్పాలి కాబట్టి ఇంకో మాట కూడా అన్నాడు. "ఇష్టం లేకపోతే మీరు చెప్పక్కర్లేదమ్మా. అది మీ హక్కు."

ఆవిడ కాసేపు కిటికీ వైపు చూసింది. "అయితే ఇంక చెప్పను" అంది.

నా గుండెల్లో బాజాలు మోగాయి. పదేళ్ళుగా ఎదురుచూసిన మరక ఇవాళ ఆవిడకే అంటింది!

నా వంతు వచ్చింది. కవరు ఉందా లేదా అని అడిగాడు. "రోజుకు అరవై బట్టలండీ, ఏం గుర్తుంటుంది?" అన్నాను. నిజంగానే గుర్తులేదు. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెలా అవుతాను! "ఒక మాటండీ. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. తప్పు చెయ్యనిదాన్ని అడిగితే లబోదిబోమంటుంది గాని, చెప్పను అంటుందా? గుమ్మడికాయల దొంగ నయం, భుజాలైనా తడుముకున్నాడు" అన్నాను.

"సామెతల మీద కేసులు నడవవమ్మా. ఈవిడ తీయగా మీరు చూశారా?"

"చూళ్ళేదనుకోండి, కానీ..."

"కానీ తర్వాతది నేను రాసుకోను" అని పుస్తకం మూసేశాడు.

అతను రాసుకోకపోతేనేం, ఓనరుగారు మనసులో రాసుకున్నారు. నా మాటే పట్టుకున్నారు. తప్పు లేకపోతే నోరెందుకు విప్పదు, ఏదో ఉంది, అని. శనివారం దాకా గడువు పెట్టారు. ఈలోగా ఉంగరం దొరక్కపోతే ఆవిడ మీదే ఫిర్యాదు రాసిస్తానని, ఇక పనిలోకి రానక్కర్లేదని చెప్పారు. ఆవిడ సీసాలన్నిటికీ మూతలు బిగించి, ఏప్రాన్ మడిచి కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. నర్సు చదువుతున్న కూతురికి ఆ నెలలోనే ఆఖరి పరీక్షలు. దొంగ కూతురన్న పేరుతో పరీక్ష హాలుకు వెళ్ళాలి పాపం. ఆ పాపం అనే మాట నాకప్పుడు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

మర్నాడు నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. భలే ఉంది. కిటికీలోంచి ఎదురు వీధిలో కూరగాయలు బేరమాడేవాళ్ళు కూడా కనబడ్డారు. ఒక చొక్కా మీది సిరా మరకను తీద్దామని ఏదో సీసా వంచాను. గోరంత మరక అరచేయంత అయింది.

ఇంటికెళ్ళి మా ఆయనతో వాదన. "ఏ తప్పూ చెయ్యకపోతే చెప్పొచ్చుగా? నేనైతే షాపు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుంటూ నింపాదిగా అన్నాడు. "నువ్వు తప్పు చేసినా అలాగే అరుస్తావుగదే. మొన్న నా చొక్కా కాల్చి, చొక్కాదే తప్పని అరిచావు. మరి నీ అరుపుని బట్టి ఎలా తెలుస్తుంది?"

మూడు రోజులు ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను. అయితే ఆ మూడు రోజులూ వేరే కారణానికి మూగనోము పట్టాల్సి వచ్చింది.

బుధవారం ఒక కోటు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు లోపలి కవరు తీసి భుజానికి గుచ్చుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరమ్మ కోటు ఇస్త్రీ చేసిన రోజు ఓనరుగారు పక్క వీధి షాపు వాళ్ళను నలుగుర్ని తీసుకొచ్చారు, మరకలమ్మ పనితనం చూపించడానికి. వాళ్ళంతా నాకు వీపు పెట్టి ఆవిడ చుట్టూ మూగారు. వాళ్ళ వీపులు చూస్తూ, పళ్ళు నూరుతూ, ఒక కోటు తీయకుండానే ఇంకో కోటు బల్ల మీదకు లాగాను. రెండూ నల్లవే. భుజం మీద కవరు ఒకటి.

వెనక రాడ్డు దగ్గరకు వెళ్ళాను. ఆ రెండో కోటు తాలూకు మనిషి ఇంకా రాలేదు. ప్లాస్టిక్ తొడుగులోంచి కాలరు కింద తెల్లగా చిన్న మూల కనబడింది. చెయ్యి చాపాను. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తేలు కుట్టిన దొంగ సంగతి విన్నాను గాని, దొంగతనం చెయ్యకుండానే తేలు కుట్టించుకున్నదాన్ని నేనే. చెబితే పొరపాటు నాదవుతుంది. అది పెద్ద విషయం కాదు, రోజూ ఏదో ఒక పొరపాటు చేస్తాను, అరిచి గట్టెక్కుతాను. అసలు సంగతి వేరే. చెబితే ఆవిడ తిరిగొస్తుంది. ఆ కుర్చీలో మళ్ళీ ఆవిడే కూర్చుంటుంది, ముందుకంటే ఇంకా తెల్లగా. అందుకే చెప్పలేదు. బుధ, గురు, శుక్రవారాలు నా నోట్లో నువ్వుగింజ నానింది. విచిత్రమేమంటే, నా మౌనాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడను అడిగారు కాబట్టి ఆవిడ చెప్పకపోవడం కనబడింది. నన్నెవరూ అడగలేదు. అడగని మౌనం ఎవరికీ వినపడదు.

శనివారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఓనరుగారు కాగితం, కలం పట్టుకుని నిలబడ్డారు. మరకలమ్మను పిలిపించారు. ఆ నాలుగైదు రోజుల్లోనే చిక్కిపోయింది. చీర మాత్రం ఎప్పటిలాగే మరకలేకుండా ఉంది, అదీ నా ఖర్మ.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవరైనా చెప్పేది ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నా కుడిచెయ్యి నన్నడక్కుండా లేచి ఎడమ భుజాన్ని తడిమింది. కవరు గుచ్చుకునే చోటు.

ఎవరూ చూడలేదు, ఆవిడ తప్ప. ఆవిడ నా చేతి వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. తెలిసిపోయిందని తెలిసింది నాకు. ఇప్పుడు అనేస్తుందనుకున్నాను, అనాలి కదా! ఆవిడ తల తిప్పి కిటికీ వైపు చూసింది.

అప్పుడు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అంటే ఏమిటి? నా తప్పు తెలిసి కూడా నోరు మూసుకుని, ఉద్యోగం పోగొట్టుకుని, ఆ మంచితనం కూడా ఈవిడే పట్టుకుపోతుందా? జీవితాంతం నేను ఈవిడకు రుణపడి కుళ్ళుకోవాలా? వెలుతురు ఆవిడకే, కుర్చీ ఆవిడకే, ఇదీ ఆవిడకేనా?

గబగబా వెనక్కి వెళ్ళి ఆ కోటు తెచ్చి, తొడుగు చించి, కవరు ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాను. "నేనే మార్చి గుచ్చాను. బుధవారం నుంచి తెలుసు" అన్నాను. నాకోసం నేను సామెత ఏదీ చెప్పుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి ఉంగరం తొడుక్కుని వెళ్ళింది. ఓనరుగారు మరకలమ్మను క్షమించమన్నారు, నన్ను నానా మాటలూ అన్నారు. రెండూ న్యాయమే. సోమవారం ఆవిడ కుర్చీలో ఆవిడ కూర్చుంది. నేను పాడుచేసిన చొక్కా వెలుతురులో పట్టుకుని చూస్తోంది. ఉండబట్టలేక వెళ్ళాను.

"అక్కా, ఆ రోజు నా బల్ల మీద రెండు కోట్లు నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"మరి ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదేం?"

"నువ్వు మార్చి గుచ్చావో లేదో నేను చూళ్ళేదు. సగం చూసింది చెబితే, మిగతా సగం వాళ్ళే కలుపుకుంటారు. చూడనిది నా నోటితో ఎలా చెప్పనమ్మాయ్?"

చూడనిదే కదా నేను చెప్పింది. అదీ గది మధ్యలో నిలబడి, పెద్దల పేరు పెట్టి. ఆవిడ ఆ మాట అనలేదు. కొత్త కవర్ల కట్టా, పెన్నూ నా వైపు జరిపింది. "వీటి మీద నంబర్లు రాద్దాం. సగం నువ్వు రాయి" అంది. రాశాం. ఆవిడ దస్తూరి నాకంటే బాగుంది. ఏం చెయ్యను, మళ్ళీ మండింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. కూతురు ఉద్యోగంలో చేరింది, ఆవిడ ఇంకా ఆ కిటికీ పక్కనే కూర్చుంటుంది. ఆ మూడు రోజులూ తెలిసి ఎందుకు చెప్పలేదని ఆవిడ నన్ను ఇంతవరకు అడగలేదు. నేను జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఏడుపు కూడా సిద్ధమే. ఒక్కసారి అడిగితే అరిచో, ఏడ్చో కడుక్కునేదాన్ని. ఆవిడ అడగదు. చొక్కా ఎత్తి, వెలుతురులో చూసి, "సిరానా, నూనెనా?" అని మాత్రం అడుగుతుంది.