పైడితల్లిని లారీ ఎక్కనివ్వని ఊరు

మా చిన్నప్పుడు పైడితల్లి హాకీ కర్ర పట్టుకుని సాలూరు దాటకుండా అడ్డం నిలబడింది మీరే, మన ఊరివాళ్లే...

"మేమప్పటికి పుట్టనే లేదండీ" అని కింద కామెంట్ పెట్టకండి. పోయిన వారం మైదానం గేటుకు తాళం పడినప్పుడు పుట్టే ఉన్నారు కదా! ఆడపిల్లలు కర్రలతో బయట నిలబడి ఉంటే చూసీ చూడనట్టు వెళ్లిపోయారు కదా! అందుకే చెబుతున్నాను, వినండి.

పైడి, నేను ఒకే వీధి, ఒకే తరగతి. వాళ్ల నాన్న అప్పన్న మావ లారీ డ్రైవరు. లారీ బాడీలు కట్టే షెడ్లలో మిగిలిన చెక్కతో మా డ్రిల్లు మాస్టారు కర్రలు చెక్కించేవారు. పిడికి పాత ట్యూబు కోసి చుట్టుకునేవాళ్లం. ఎండకి ఆ రబ్బరు చేతులకు నల్లగా అంటుకునేది... అన్నం కలుపుకుంటున్నా అదే వాసన.

విజయనగరంలో జిల్లా జట్టుకు ఎంపికలు. పొద్దున్నే రావాల్సిన బస్సు రాలేదు. మాస్టారు ముందురోజే వెళ్లిపోయారు. ఇద్దరం అప్పన్న మావ దగ్గరికి పరుగెత్తాం. ఆ రోజే ఆయన చేతికి కొత్త లారీ వచ్చింది. బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక గోగునార బేళ్లు. వెళ్లేది విజయనగరమే!

కానీ కొత్త బండి మొదటి ట్రిప్పుకు ఆడమనిషిని ఎక్కించకూడదని ఓనరు పట్టింపు.

"ఏటిరా అప్పన్నా, మతుండే సేస్తన్నావా? బోణీ బండిలో ఆడగుంటల్ని ఎక్కిస్తావేటి?"

మావ తల దించుకున్నాడు. "ఒసే గుంటా, రేపెల్దురు లే" అన్నాడు కూతురితో.

"రేపెల్తే అక్కడేటుంటాది నాన్నా? కుక్కలుంటాయి" అంది పైడి. ఓనరు వైపు తిరిగి, కర్రతో లారీ అద్దం లోపలికి చూపించింది.

"బాబూ, లోపల అమ్మోరి పటం ఎట్టినారు గదా. ఆవిడ ఆడది కాదేటి? ముందు ఆవిణ్ని దించీయండి. అప్పుడు మేవూ ఇంటికెల్లిపోతాం."

బేళ్లు ఎత్తిన కూలీలు పకపకా నవ్వారు. "సెప్పండి బాబూ, గుంట అడగతన్నాది" అన్నాడొకడు. ఓనరు తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. మావ తలుపు తీశాడు... "ఎక్కండే" అన్నాడు.

రామభద్రపురం దాటాక టైరు పంక్చరైంది. మావ ముఖం పాలిపోయింది.

"మేకు గుచ్చుకున్నాది నాన్నా, నాను గుచ్చలేదు" అంది పైడి, జాకీ రాడ్డు అందిస్తూ.

మేం చేరేసరికి సగం ఆట అయిపోయింది. మిగిలిన సగం చాలింది దానికి. నన్ను తీసుకోలేదు, దాన్ని తీసుకున్నారు.

సాయంత్రం ఓనరు మావ చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు. పంక్చరుకు కారణం కూతురేనట! ఆ తర్వాత మావ ఒడిశా ఘాటీ రోడ్ల మీద ఎవరెవరివో డొక్కు బళ్లు తోలాడు. పైడిని మాత్రం ఆట మానమని ఒక్కనాడూ అనలేదు.

జిల్లా, రాష్ట్రం, ఆపైన ఇండియా క్యాంపు... మన గులకరాళ్ల నేల మీద బంతి ఎగిరెగిరి వస్తుంది కదా, పైడికి కర్ర కాస్త ఎత్తి పట్టడం అలవాటు. అక్కడ నీళ్లు చల్లిన కృత్రిమ పచ్చిక. బంతి కర్ర కిందనుంచి జారిపోయేది. తోటి అమ్మాయిలు నవ్వారు. నడుం వంచి మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. ఇండియా చొక్కా వేసుకుని దేశదేశాల్లో ఆడింది. ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే గోలు గీత దగ్గర నుంచి బంతికి ఎదురు పరుగెత్తేది తనే. ముక్కు విరిగింది. మోకాలికి ఆపరేషన్ అయింది.

అంత ఆడి ఇంటికొస్తే మీరు అడిగిందేమిటి? "పెళ్లెప్పుడు?"

ఇప్పుడు పైడి ఊరికి తిరిగొచ్చి మన పిల్లలకు ఆట నేర్పుతోంది. వచ్చే నెలలో ఎంపికలు. మైదానాన్ని మున్సిపాలిటీ వాళ్లు ఎగ్జిబిషన్‌కు ఇచ్చి గేటుకు తాళం వేశారు. "ఆడపిల్లలు గదమ్మా, ఇంటికాడ ఆడుకోమను" అన్నాడొక పెద్దమనిషి.

"ఇంటికాడ ఆడితే మీ కిటికీలు పగుల్తాయి బాబూ" అంది పైడి.

నిన్న పిల్లలు లారీలు ఆపే జాగాలో, ఆయిలు మరకల మీద ఆడారు.

మా చిన్నప్పుడు మాకు బూట్లు లేవు, సరైన కర్రల్లేవు... కానీ మైదానానికి గేటే లేదు. ఇన్నేళ్లలో మనం ఆడపిల్లలకు కట్టింది ఆ గేటొక్కటే. మీ ఊళ్లో ఆడపిల్లల ఆట ఎక్కడ ఆగిందో కింద రాయండి. ఎవరు ఆపారో కూడా రాయండి.

మేం అడిగేవి ఇవీ:

గేటు తాళం రేపు పొద్దున్నే తీయాలి.

ఎగ్జిబిషన్ ఇంకెక్కడైనా పెట్టుకోవాలి.

పిల్లలు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, నీళ్లొచ్చే మరుగుదొడ్డి కావాలి.

పైడితల్లిని పర్మనెంటు కోచ్‌గా తీసుకోవాలి.

తాళం తీసేదాకా పిల్లలు ఆ గేటు ముందు నడిరోడ్డు మీదే ఆడతారు. లారీలు ఆగాలి.