పెద్దలకు పెట్టని సామలు

షుగర్ ఉందని తేలాక డాక్టర్ తెల్లన్నం తగ్గించి సామలు తినమన్నాడు. ఆ నెలలోనే పనిమీద విజయవాడ నుంచి జూలూరుపాడు దాటి అడవి అంచున ఉన్న ఒక గూడేనికి వెళ్లాను. ఒక వాకిట్లో చాప మీద కొత్త సామలు ఆరుతున్నాయి. పక్కనే కూర్చున్న ముసలమ్మను రెండు కిలోలు అమ్మమని అడిగాను.

"ఇప్పుడు ఇయ్యరాదు బిడ్డా. కొత్తయి ఇంకా మా పెద్దలకు పెట్టలె. వాళ్లు తిన్నంకనే ఎవరన్నా తినాలె."

"తినేది నేను కదమ్మా, మీరు కాదుగా?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె కోప్పడలేదు. గింజల్ని చేత్తో తిరగేస్తూ, "ఇవి చల్లింది మా ముసలాయన. కోతకు లేకపాయె. ఈయేడు ఆయనకు గూడ పెట్టాలె," అంది.

తర్వాత లోపలికి పోయి, నిరుటి సామలతో కాచిన జావ గిన్నెలో పోసి తెచ్చింది. నేను తాగేదాకా ఎదురుగానే కూర్చుంది.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ సామన్నమే. షాపులో ప్యాకెట్ కొంటాను. దాని మీద పీచు ఎంతో, ప్రొటీన్ ఎంతో రాసి ఉంటుంది. చల్లిన మనిషి తిన్నాడో లేదో మాత్రం ఉండదు.