మా ఇంట్లో పుట్టిన మాట

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. మనుమరాలి పుస్తకంలో ఒక వాక్యం కూడబలుక్కొని చదివాను. మనిషికి మొదట మాట ఎలా వచ్చిందో చూసినవాళ్ళు లేరట. నేను చూశాను. అమీర్‌పేటలో, మా రేకుల ఇంట్లో.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల నూలుకు, బట్టకు కరువొచ్చిన రోజులవి. మగ్గం వదిలి పట్నం వచ్చిన మా ఆయన రోజూ సైకిలు మీద పోయి లక్డీకాపూల్ దగ్గర దర్జీ పని చేసేవాడు. మా పెద్దపిల్లకు పుట్టు చెవుడు. ఆరేళ్ళొచ్చేసరికి కావలసిన మాటలు తనే చేసుకుంది. పిడికిలి గుండ్రంగా తిప్పితే నాన్న. కుట్టుమిషను చక్రం అన్నమాట. పిడికిలి తిప్పి, తలుపు చూపించి, చెయ్యి నోటికి పెట్టుకుంటే నాన్న వచ్చాకే తింటానని. ఎదుట లేని మనిషి గురించి, ఇంకా జరగని దాని గురించి చెప్పేది!

"గవి కోతి చేష్టలు. దానికి బుద్ధేడున్నది?" అనేది మా అత్త, బుగ్గన వక్కాకు పెట్టుకొని.

చిన్నపిల్లకు ఏడాదిన్నర దాటినా "అమ్మ" అనలేదు. గిన్నె కింద పడితే ఒకసారి తిరిగి చూసేది, ఒకసారి చూసేది కాదు. పొద్దంతా అక్క చేతులే చూసేది.

"దీనికి సుత చెవుల్లేవు పిల్లా. గా పెద్దదానితోని ఆడనియ్యకు."

"ఆడితే చెవులు పోతయా అత్తమ్మా?"

"పోతయో లేదో, నా మాట ఇను."

ఎదురు చెప్పాను గానీ నాకూ భయం పట్టుకుంది. ఇద్దరినీ చెరో మూల కూర్చోబెట్టడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం ముసురు పట్టింది. తలుపు వేసి ఉంది. పెద్దది గోడవైపు తిరిగి చింతగింజలతో ఆడుకుంటోంది. పంజాగుట్ట బాట మీద సైకిలు గంట మోగింది. చిన్నది తలెత్తింది. తప్పటడుగులు వేస్తూ అక్క దగ్గరికి పోయి, గడ్డం పట్టుకొని మొహం తనవైపు తిప్పుకుంది. బుజ్జి పిడికిలి గాలిలో గుండ్రంగా తిప్పింది.

నాన్న.

పెద్దది పరుగెత్తి తలుపు తీసింది. వాకిట్లో ఆయన, తడిసి ముద్దయి.

చిన్నది చెవితో విన్నది, వినలేని అక్కకు చేతితో చెప్పింది. ఒక పిల్ల పుట్టించిన మాట ఇంకో పిల్లకు తొలి మాట అయింది. ఎవరు నేర్పారు?

అత్త గొంతు తగ్గించి, "జర అడుగు పిల్లా, పెద్దది నన్నేమంటదో," అంది.

అత్తను వేలితో చూపించి కనుబొమ్మలెగరేశాను. పెద్దది నాలుకతో ఒక బుగ్గ ఉబ్బించి, ఆకు నమిలినట్టు దవడ ఆడించింది. వెనకే చిన్నదీ బుగ్గ ఉబ్బించింది.

"ఓరి మీ మొహాలు మండ!" అని అత్త పకపకా నవ్వింది. నవ్వు ఆగాక పెద్దదాని ముందు కూర్చుని, వక్కాకుతో ఉబ్బిన తన బుగ్గ మీద మెల్లగా వేలు పెట్టుకుంది.